ద్రాక్షతోటలో క్షమాపణ

బ్యాంకులో ఉద్యోగం వచ్చిన సంగతి కామ్రాన్ భార్యనైన నాకంటే ముందు పురుషోత్తానికి చెప్పాడు. పురుషోత్తం అతని యజమాని. ఉద్యోగం మారేవాడు ఎవరికి చివర చెప్పాలో ఆ మనిషికే మొదట చెప్పాడు.

నేను అడిగితే, "పెద్దవాళ్లను అడక్కుండా సంతకం పెడతామా?" అన్నాడు.

2000 సంవత్సరం, దీపావళి వెళ్లిన వారం. సింగపూర్‌లో ఆ ఏడాది ప్రోగ్రామర్లు కరువు. కంపెనీలు ఒకరి మనుషుల్ని ఒకరు లాక్కునేవి. కామ్రాన్ కల్లాంగ్‌లో ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాడు. కంటైనర్ లారీల్లో ఏది ఎక్కడుందో తెరమీద చూపించే ప్రోగ్రాం వాళ్ల సరుకు. దాన్ని మొదటి నుంచి చివరిదాకా రాసింది కామ్రాన్. బ్యాంకువాళ్లు ఆ పని చూసే అతన్ని పిలిచారు.

నాకు అప్పుడు నాలుగో నెల. సింగపూర్‌లో ఉండనిచ్చే నా పాసు అతని పాసు మీద, అతని పాసు ఉద్యోగం మీద ఆధారపడి ఉండేవి. ఉద్యోగం పోతే కొద్ది వారాల్లో దేశం విడిచి వెళ్లాలి. పాసు మీద వచ్చినవాళ్లందరికీ ఇది తెలుసు. దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు. బ్యాంకు పెద్దది, పడిపోదు. పురుషోత్తం కంపెనీ ఎప్పుడేమవుతుందో తెలియదు. నేను చూసిన లెక్క ఇంతే.

"ఏమన్నారు ఆయన?"

"సంతోషించాడు. శనివారం భోజనానికి రమ్మన్నాడు."

పురుషోత్తం తాత శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటలకు వచ్చినవాడు. పురుషోత్తం పుట్టిందీ పెరిగిందీ సింగపూర్‌లోనే. తాత నేర్పిన తెలుగులో మలయ్, ఇంగ్లిష్ కలిపి మాట్లాడేవాడు. భోజనాన్ని మకాన్ అనేవాడు, అక్కడివాళ్లలాగే మాట చివర లా తగిలించేవాడు. మేం హైదరాబాద్ నుంచి దిగిన రోజు చాంగీ ఎయిర్‌పోర్టుకు తనే కారు తెచ్చాడు. అద్దె ఫ్లాట్ చూసిపెట్టాడు. కామ్రాన్‌కు స్కూల్లో ఉండగానే తండ్రి పోయాడు. వచ్చిన నెలలోనే పురుషోత్తాన్ని అన్నా అని పిలవడం మొదలుపెట్టాడు.

శనివారం సెరంగూన్‌లో వాళ్ల కాండో ఫ్లాట్‌కు వెళ్లాం. పురుషోత్తం భార్య శాలిని తలుపు తీసింది. కంపెనీ లెక్కలు ఆమే చూసేది.

"చికెన్ హలాల్ షాప్‌లోనే కొన్నానమ్మా, భయపడకు," అంది.

భోజనం సగమయ్యాక కామ్రాన్ బ్యాంకు మాట ఎత్తాడు. పురుషోత్తం చెయ్యి అడ్డం పెట్టాడు.

"మకాన్ అప్పుడు అదేటి? తర్వాత మాటాడుకుందాం. ముందు నువ్వు సెలవు తీస్కో. వచ్చిన కాడి నుంచి ఒక్క సెలవు తీసినావా?"

"లేదన్నా."

"పెర్త్ ఎల్దాం. నలుగురం. టిక్కెట్లు నావి. అక్కడ తీరిగ్గా కూర్చుని నీ బ్యాంకు సంగతి సూద్దాం. ఏటమ్మా సాలెహా?"

నేను కామ్రాన్ వైపు చూశాను. అతను అప్పటికే తల ఊపుతున్నాడు.

"నీ ఇండియా లైసెన్సు ఇక్కడిది సేసుకున్నావు కదా?" అని అడిగాడు పురుషోత్తం.

"చేసుకున్న అన్నా. థియరీ పరీక్ష కూడ పాసైన."

"మంచిది. అక్కడ స్వాన్ వ్యాలీ అని ఉంది. అంతా ద్రాక్షతోటలే. తోటతోటకీ ఆపుతారు, వైన్ రుచి సూపిస్తారు. మేం తాగీసి బండి నడపకూడదు. నువ్వు తాగవు."

శాలిని నవ్వింది. "ఇంత మంచి డ్రైవర్ ఎక్కడ దొరుకుతాడు లా?"

అందరికంటే ఎక్కువ నవ్వింది కామ్రాన్.

బస్టాపులో అతన్ని అడిగాను. ఇంట్లో మా మాట ఉర్దూ. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"మనల్ని బండి నడపడానికి తీసుకెళ్తున్నారు. అర్థమైందా?"

"నక్కో సాలెహా. అలా మాట్లాడకు. ఇంటి మనుషులైతేనే వెంట తీసుకెళ్తారు."

"బ్యాంకుకు ఎప్పటిలోగా చెప్పాలి?"

"ఆ శుక్రవారం లోపు."

"ఏ శుక్రవారం?"

అతను బస్సు వస్తోందేమోనని రోడ్డు వైపు చూశాడు. "మనం అక్కడుండే వారం. పెర్త్‌లో మాత్రం ఫోన్లు ఉండవా?"

రంజాన్ మొదలయ్యే ముందు వారం వెళ్లాం. ఆస్ట్రేలియాకు విమానంలో ఐదు గంటల ప్రయాణం. పెర్త్‌లో వేసవి మొదలవుతోంది. ఊళ్లో జకరాండా చెట్లు పూశాయి. రోడ్ల పక్కన ఊదారంగు పూలు రాలి ఉన్నాయి. పెర్త్‌కూ సింగపూర్‌కూ గడియారం ఒకటే. మేం టిఫిన్ తినే వేళకు సింగపూర్‌లో షెంటన్ వే అనే వీధిలో బ్యాంకు తెరుస్తారు. మేం బీచ్ నుంచి వచ్చేసరికి మూస్తారు. నాకు రోజంతా అదే ధ్యాస.

మిగతావాళ్లకు ఏ ధ్యాసా లేదు. ఆలస్యంగా లేచేవాళ్లం. కామ్రాన్ అద్దెకారు హోటల్ ముందుకు తెచ్చేవాడు. పురుషోత్తం అతని పక్కన, మేమిద్దరం వెనక. ఒకరోజు కాటెస్లో బీచ్. ఒకరోజు ఫ్రీమాంటిల్ రేవు. అక్కడ బెంచీ మీద కాగితం పరిచి వేయించిన చేపలు తిన్నాం. సముద్రపు పిట్ట ఒకటి పురుషోత్తం చేతిలో ముక్క తన్నుకుపోతే కామ్రాన్ వెళ్లి ఇంకో పొట్లం కొనుక్కొచ్చాడు.

"అన్నా, బ్యాంకు..." అన్నాడు ఆ పొట్లం ఇస్తూ.

"అబ్బా, సెలవులో ఆఫీసు మాటేటి? స్లో స్లో లా. ఎల్లుండి తోటల కాడికి ఎల్తాం కదా. అక్కడ సెప్తాను. నీకొక మాట ఉంచినాను."

ఆ సాయంత్రం తిరుగుదారిలో మళ్లీ కాటెస్లోలో ఆగి ఇసుక మీద కూర్చుని ఉంటే కడుపులో మొదటిసారి కదలిక తెలిసింది. కామ్రాన్ చెయ్యి తీసుకుని అక్కడ పెట్టాను. బయటికి తెలిసేటంత కదలిక కాదది. అయినా అతను చెయ్యి తియ్యలేదు. కొంతసేపు అలాగే ఉన్నాడు. పెళ్లయ్యాక అంత ఖాళీగా మేం ఎప్పుడూ కూర్చోలేదు.

"పుట్టాక దీన్ని ఇక్కడికి తీసుకొద్దాం," అన్నాడు.

"బ్యాంకులో చేరితే సెలవు దొరుకుతుందా?"

చెయ్యి తీసేశాడు. నీళ్ల అంచున నడుస్తున్న పురుషోత్తాన్ని కేకేశాడు. "అన్నా! బేబీ కదిలింది!"

పురుషోత్తం అక్కణ్ణుంచే రెండు చేతులూ పైకెత్తాడు.

గురువారం స్వాన్ వ్యాలీ. పెర్త్ నుంచి అరగంట. తీగలకు కాయలు బఠాణీ గింజలంత ఉన్నాయి. ప్రతి తోటలో ఒక షెడ్డు, షెడ్డులో బల్ల, బల్ల మీద గ్లాసులు, పక్కన ఒక బకెట్. రుచి చూసి బకెట్‌లో ఉమ్మాలి. శాలిని ఉమ్మలేదు. "డబ్బు పెట్టి వచ్చి ఉమ్ముతారా ఎవరైనా?" అంది. కామ్రాన్ తలుపు దగ్గర తాళాలు పట్టుకుని నిలబడేవాడు. పురుషోత్తం కొన్న పెట్టెలు కారు డిక్కీలో సర్దేవాడు.

మూడో తోటలో భోజనం. వరండాలో బల్లలు వేశారు. తిండి రావడానికి టైం పడుతుందన్నారు. పురుషోత్తం కామ్రాన్‌ను పీపాలు చూపిస్తానని లోపలికి తీసుకెళ్లాడు. నేనూ శాలినీ మిగిలాం. అప్పటికి ఆమె చాలా గ్లాసులు తాగింది. మాట తడబడలేదు. గొంతు మాత్రం కొంచెం పెరిగింది.

"డెలివరీ ఎక్కడమ్మా?"

"సింగపూర్‌లనే ఆంటీ. హాస్పిటల్‌ల పేరు రాయించినం."

"ఎప్పుడు?"

"ఏప్రిల్‌ల."

గ్లాసు కాడ పట్టుకుని తిప్పింది. "ఏప్రిల్‌కి మీరు సింగపూర్‌లో ఉంటారా?"

అర్థం కాలేదు నాకు. ఆమెనే చూస్తూ ఉన్నాను.

"కంపెనీ అమ్మేస్తున్నారు కదమ్మా. చైనీస్ న్యూ ఇయర్ తర్వాత సైనింగ్. కొనేవాళ్లకు మన మనుషులు వద్దు. వాళ్ల మనుషులు వాళ్లకున్నారు. ప్రోగ్రాం చాలు. కాని సైన్ అయ్యేదాకా రాసినవాడు కంపెనీలో ఉండాలంట. మధ్యలో వెళ్లిపోతే వాళ్లు కొనరంట."

"కామ్రాన్‌కు తెలుసా?"

"తెలిస్తే ఉంటాడా?" ఆలివ్ కాయ నోట్లో వేసుకుంది. "ఈ హాలిడే కూడా దానికే. నాకు యూరప్ పోవాలని ఉండె. ఐయో, ఈయన వింటాడా? వర్క్, వర్క్."

"మరి ఆయన బ్యాంకుల చేరొచ్చు గద ఆంటీ. ఇంక టైం ఉంది. రేపటిదాక ఉంది."

"అందుకే కదమ్మా ఇక్కడికి తెచ్చింది." గింజ పళ్లెంలో పెట్టింది. "నేను చెప్పానని చెప్పకు."

ఆమె ఎందుకు చెప్పిందో నాకు ఇప్పటికీ తెలియదు. జాలిపడి చెప్పినట్టు లేదు. మొగుడి మీద కోపంతో చెప్పిందనుకుందామంటే, ఆ కోపమూ అంత లేదు. ఎదురుగా నేనున్నాను, తిండి రావడం ఆలస్యమైంది.

మగవాళ్లు తిరిగొచ్చారు. కామ్రాన్ ముఖం చూడగానే లోపల ఏదో మాట అయిపోయిందని తెలిసింది. కూర్చోలేదు. కుర్చీ వెనక పట్టుకుని నిలబడ్డాడు.

పురుషోత్తం గ్లాసు ఎత్తాడు. "సాలెహా, నీ మొగుణ్ణి పార్ట్‌నర్ సేస్తన్నాను. ఇంక కూలిపని లేదు. బ్యాంకోళ్లకి రేపు ఫోన్ సేసి సారీ సెప్పీమన్నాను."

"అన్న నన్ను పార్ట్‌నర్ చేస్తుండు," అన్నాడు కామ్రాన్ నాతో, నేను వినలేదేమో అన్నట్టు. కళ్లు తడిగా ఉన్నాయి.

విడిగా తీసుకెళ్లి చెప్పాలంటే మళ్లీ హోటల్‌కు చేరేదాకా ఆగాలి. ఈలోపు ఆ మాట అతనిలో గట్టిపడిపోతుంది. చెప్పినావిడ ఎదురుగానే ఉంది. ఇక్కడే అడిగితే తేలిపోతుందనుకున్నాను.

"అంకుల్, కంపెనీ అమ్ముతున్నరంట గద," అన్నాను. "చైనీస్ న్యూ ఇయర్ అయినంక మమ్మల్ని పంపిస్తరంట గద."

పురుషోత్తం గ్లాసు దించాడు. నా వైపు చూడలేదు, భార్య వైపు చూశాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"ఎవులు సెప్పినారమ్మా?"

"ఆంటీ చెప్పిన్రు. ఇప్పుడే. ఈ కుర్చీల కూసొని చెప్పిన్రు."

"నేనా?" అంది శాలిని. "నేనేం చెప్పానమ్మా? సుమ్మా, ఊరికే డెలివరీ గురించి మాట్లాడుకున్నాం. హాస్పిటల్ ఏదని అడిగాను. కాదా?"

"అది కూడ అడిగిన్రు. తర్వాత..."

"సాలెహా," అన్నాడు కామ్రాన్.

పురుషోత్తం అతని చేతిమీద తట్టాడు. "పోన్లే తమ్ముడూ. కడుపుతో ఉన్న పిల్ల. ఇలాటప్పుడు అనుమానాలు వస్తాయి. మా అమ్మకీ అంతే, తమ్ముడు కడుపులో ఉన్నప్పుడు అన్నంలో ఎవరో ఏదో కలిపినారని ఏడిసేది. నానేటీ అనుకోను."

"అనుమానం కాదు," అన్నాను. "ఆంటీ, చెప్పండి. మీరు కొనేటోళ్ల గురించి చెప్పలేదా?"

శాలిని తోటవైపు చూసింది. "పాపం, ఎండలో తిరిగింది పొద్దున్నించి," అంది భర్తతో.

కామ్రాన్ ముఖం ఎర్రబడింది. "సారీ చెప్పు," అన్నాడు. ఉర్దూలో కాదు. వాళ్లకు అర్థం కావాలని తెలుగులో.

"ఆమె చెప్పింది. నేను కలగన్ననా?"

"సారీ చెప్పు. ఆంటీకి చెప్పు. అన్నకు చెప్పు."

పళ్లేలు పట్టుకుని ఒక అమ్మాయి వచ్చి నిలబడింది. చేప ఎవరికి అని ఇంగ్లిష్‌లో అడిగింది. మళ్లీ అడిగింది. చేప నాకే. చెయ్యెత్తాను. పళ్లెం నా ముందు పెట్టి, ఇంకేమైనా కావాలా అని అడిగింది. ఏమీ వద్దన్నాను. ఆమె వెళ్లేదాకా ముగ్గురూ ఆగారు.

"సారీ ఆంటీ," అన్నాను. "సారీ అంకుల్."

శాలిని నా చెయ్యి పట్టుకుని నొక్కింది. "పర్వాలేదమ్మా కన్నా. తిను. బిడ్డకు మంచిది చేప."

పురుషోత్తం నాకోసం ద్రాక్షరసం తెప్పించాడు. పులవనిదేనా అని రెండుసార్లు కనుక్కుని తెప్పించాడు. కామ్రాన్ అది గమనించి తలవంచుకున్నాడు. అలాంటి మనిషిని నేను అంతమాట అన్నానని.

మర్నాడు పొద్దున కామ్రాన్ బూట్లు వేసుకుంటుంటే గదిలో మళ్లీ అడిగాను.

"ఒక్క పని చెయ్యి. బ్యాంకుకు సరే అను. నేను అన్నది అబద్ధమైతే ఫిబ్రవరిలో మానేసి మళ్లీ ఈయన దగ్గరికి రా. అన్న కదా, రానివ్వడా?"

"పార్ట్‌నర్ చేస్తానన్న మనిషికి వెన్ను చూపించమంటావా?"

"చెప్పింది వాళ్లావిడ."

"తాగి ఉన్న ఆడమనిషి నీతో ఏం అందో, నువ్వు ఏం విన్నావో." లేసులు కట్టుకుని లేచాడు. "నిన్న నువ్వు నన్ను తలెత్తుకోనివ్వలేదు సాలెహా. ఆయన కాబట్టి నవ్వేశాడు."

నేను వెనకే కిందికి వెళ్లాను. లాబీలో ఫోన్ దగ్గర పురుషోత్తం ఉన్నాడు. ఫోన్ కార్డు తనే కొని పెట్టాడు. కామ్రాన్ నంబరు నొక్కి ఇంగ్లిష్‌లో మాట్లాడాడు. జీతం విషయం కాదండీ, అన్నాడు. ఇక్కడ నాకు కుటుంబ బాధ్యత ఉంది, అన్నాడు. థాంక్స్ చెప్పి పెట్టేశాడు. పురుషోత్తం అతని భుజం చుట్టూ చెయ్యి వేసి టిఫిన్‌కు తీసుకెళ్లాడు.

ఆ తర్వాత కూడా పెర్త్‌లో రెండు రోజులున్నాం. కింగ్స్ పార్క్ చూశాం. నది మీద పడవెక్కాం. వెళ్లేరోజు పురుషోత్తం వైన్ సీసాలు రెండు మా సంచిలో పెట్టాడు. ఒక్కో మనిషి ఇంతే తేవాలని చాంగీలో లెక్క ఉంది, మేం తాగం కనక మా వంతు ఖాళీగా ఉంది. కస్టమ్స్ అమ్మాయి మలయ్ ముస్లిం, తలకు గుడ్డ కట్టుకుంది. మా పాస్‌పోర్టుల్లో పేర్లు చూసింది. సీసాలు చూసింది. ఏమీ అనకుండా పొమ్మంది. కామ్రాన్ సంచి జిప్పు వేస్తూ ఆమెకు సలాం చెప్పాడు. ఆమె తర్వాతి మనిషిని పిలిచింది.

రంజాన్ గడిచింది. ఈద్‌నాడు పురుషోత్తం, శాలిని మా ఫ్లాట్‌కు వచ్చారు. బిడ్డకు బట్టలు తెచ్చారు. శాలిని షీర్ ఖుర్మా గిన్నె పట్టుకుని నా వెనకే వంటింట్లోకి వచ్చింది.

"నీకు తెలివి లేదమ్మా," అంది మెల్లగా. "అందరి ముందు చెప్తారా? మొగుడికి ఒంటరిగా చెప్పాల్సింది."

"ఒంటరిగ చెప్తే నమ్ముతుండెనా?"

ఆలోచించింది. "అదీ నిజమే," అంది. చెంచా నాకి గిన్నె సింకులో పెట్టింది. "కొంచెం డబ్బాలో పోసివ్వు. ఆయనకు ఇష్టం."

జనవరిలో కొనేవాళ్లు వచ్చారు. కంపెనీ అమ్ముతున్నారని అప్పుడే అందరికీ చెప్పారు. కామ్రాన్ ఇంటికి వచ్చి చెప్తుంటే అతని ముఖమే చూస్తూ కూర్చున్నాను.

"అలా చూడకు," అన్నాడు. "అమ్మకం వేరు, మనల్ని పంపడం వేరు. రహస్యం కాబట్టి అన్న అప్పుడు చెప్పలేదు. కొత్తవాళ్లతో నన్ను పార్ట్‌నర్‌గా కూర్చోబెడతాడు."

సూటు కుట్టించుకున్నాడు. వారమంతా వాళ్ల ముందు కూర్చుని ప్రోగ్రాం ఎలా నడుస్తుందో, ఎక్కడ ఆగుతుందో, ఆగితే ఏం చెయ్యాలో విప్పి చెప్పాడు. వాళ్లు రాసుకున్నారు. జనవరి ఆఖరున చైనీస్ న్యూ ఇయర్ అయిన మరుసటి వారం సంతకాలయ్యాయి. ఆ పై వారం పురుషోత్తం మా బ్లాక్ కింద కాఫీ షాపుకు వచ్చి మమ్మల్నిద్దరినీ కిందికి రమ్మన్నాడు. శాలిని కూడా ఉంది. పండగ సీజన్ కనక రెండు కమలాపళ్లు తెచ్చాడు. బల్లమీద పెట్టాడు.

"మకాన్ అయిపోనాదా?"

"అయింది అన్నా," అన్నాడు కామ్రాన్.

"నాను అడ్డం పడ్డాను తమ్ముడూ. పార్ట్‌నర్ కాయితం కూడా రాయించినాను. ఆళ్లు ఒప్పుకోలేదు." టీ కప్పులో చక్కెర కలిపాడు. "కంపెనీ అమ్ముతన్న మాట ముందే బయటికి పోనాదని ఆళ్లకి ఎలాగో తెలిసింది. ఎవరికి తెలుసని నన్ను అడిగినారు. నానేటి సెప్తాను? పెర్త్‌లో అందరిముందు బల్ల కాడ ఆ మాట వచ్చింది. ఆ మాట సెవిన పడ్డోళ్లు ఎవరో. అలాటి ఇంటి మనిషి మాకొద్దన్నారు."

కామ్రాన్ నా వైపు తిరిగాడు.

"అది అబద్ధం," అన్నాను. "నవంబర్‌లనే ఇదంత అనుకున్నరు. ఆంటీ, మీరు ఈద్‌నాడు మా వంటింట్ల ఏమన్నరు?"

శాలిని కమలాపండు ఒకటి నా వైపు జరిపింది. "తినమ్మా. తియ్యగా ఉంటుంది."

"సాలెహా, పైకి పో," అన్నాడు కామ్రాన్.

"ఆమెను అడుగు. ఒక్కసారి అడుగు."

"పైకి పో."

లిఫ్ట్ దగ్గర నిలబడితే వాళ్లు కనిపించారు. కామ్రాన్ పురుషోత్తం రెండు చేతులూ పట్టుకుని ఏదో చెప్తున్నాడు. పురుషోత్తం వద్దు వద్దు అన్నట్టు తల ఊపుతున్నాడు. కామ్రాన్ ఏం చెప్తున్నాడో నాకు వినపడలేదు. వినక్కర్లేదు.

బ్యాంకుకు ఫోన్ చేశాడు. కొత్తగా ఎవరినీ తీసుకోవడం లేదన్నారు. ఇంకో చోట చేశాడు. అక్కడా అదే. పండగకు ముందుదాకా మనుషుల కోసం తిరిగిన కంపెనీలు ఫిబ్రవరిలో ఉన్నవాళ్లనే తగ్గిస్తున్నాయి. పాసు రద్దయింది. ఏడో నెల దాటితే విమానం ఎక్కడానికి డాక్టర్ సంతకం కావాలి. ఆ సంతకానికి వెళ్తే, కాన్పు ఇక్కడే అన్నారు కదా, పేరు కొట్టెయ్యమంటారా అని అడిగింది నర్సు. కామ్రాన్ బయట కుర్చీలో ఉన్నాడు. కొట్టెయ్యమని నేనే చెప్పాను.

ఆ వారాల్లో నన్ను తిట్టలేదు. సామాను కట్టాడు, అమ్మాల్సినవి అమ్మాడు, అవసరమైనంతవరకు మాట్లాడాడు. ఒకసారి మాత్రం, సూటు పెట్టెలో పెట్టాలా వద్దా అని అడిగితే, "నీ ఇష్టం. నీ నోటితో నువ్వే పోగొట్టావు, నువ్వే చూసుకో," అన్నాడు.

ఫిబ్రవరి ఆఖరులో మెహదీపట్నంలో మా అత్తగారింటికి వచ్చాం. అత్త నా కడుపు చూసి నన్ను కావలించుకుంది. అప్పటికి కామ్రాన్ ఫోన్‌లో ఆమెకు అంతా చెప్పి ఉన్నాడు. నాలుగురోజులు పోయాక వంట చేస్తూ అంది: "మగవాళ్ల వ్యాపారం మాటల్లో మనకెందుకమ్మా? అలాంటి మనిషి మళ్లీ దొరుకుతాడా నా కొడుక్కు?"

నేను చెప్పడం మొదలుపెట్టాను. తోట, వరండా, శాలిని. ఆమె విన్నది. విని, "తాగినదాని మాట పట్టుకున్నావా బిడ్డా?" అంది. కొడుకు మాటే ఆమె మాట. ఆ తర్వాత నేను ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లు కూడా లేరు. కామ్రాన్ చెప్పిందే అందరికీ తెలుసు.

బక్రీద్ మార్చి మొదటివారంలో వచ్చింది. హాల్లో చుట్టాలు నిండి ఉన్నారు. ఫోన్ మోగితే మా మరిది ఎత్తి, "భాయ్, సింగపూర్!" అని అరిచాడు. కామ్రాన్ గబగబా వచ్చాడు. నేను ఫోన్ పక్కనే గోడకు ఆనుకుని కూర్చున్నాను. అప్పటికి లేవడం కష్టంగా ఉంది.

"అన్నా! మీకు గుర్తుందా పండుగ?" అన్నాడు. ముఖమంతా నవ్వు. సింగపూర్ వదిలాక ఆ నవ్వు చూడలేదు. "అమ్మ మంచిగుంది అన్నా. చూస్తున్న, ఉద్యోగం చూస్తున్న. మాదాపూర్‌ల రెండు కంపెనీలకు పోయొచ్చిన. ఆంటీకి సలాం చెప్పండి. అయ్యో, మీరెందుకు బాధపడుడు అన్నా? మీ తప్పేముంది?"

కొంతసేపు విన్నాడు. అవతల నా గురించి అడిగినట్టున్నారు. కామ్రాన్ నా వైపు చూశాడు. గదిలో అందరూ చూశారు.

"ఇప్పుడు నయమే అన్నా," అన్నాడు. "మాట్లాడుడు తగ్గింది."